పాత మోటారు సైకిళ్లకు పళ్ల బెల్టు ఎంచుకొను విధము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



భారత భాగవతములు చదువుకొను మందిరమున ఇనుప యంత్రముల ముచ్చట యేల యని పెద్దలు కొందరు శంకింపవచ్చును. తర్కశాస్త్రము చదువ మొదలుపెట్టిన బాలునకు గురువు మొట్టమొదట చూపు దృష్టాంతము కుమ్మరి చక్రమే. ఘటమునకు మట్టి ఉపాదాన కారణము. చక్రము, దండము నిమిత్త కారణములు. తిరుగు చక్రమును, దానిని త్రిప్పు కఱ్ఱను విడిచి శాస్త్రమే ఆరంభము కాలేదు. కావున ఒక చక్రపు తిరుగుడును మఱియొక చక్రమునకు అందించు విధమును గూర్చి ఇచ్చట ముచ్చటించుట అనుచితము కాదు. పైగా ఈ దినములలో తండ్రులు కొని వాడి విడిచిన పాత బుల్లెట్టు బండ్లను కుమారులు బయటికి తీసి బాగుచేయించుకొనుట పల్లెలలో సైతము కానవచ్చుచున్నది. అట్టివారిని పట్టణపు వర్క్‌షాపులలో ఒక ప్రశ్న ఎదుర్కొనుచున్నది: “లోపలి చైను తీసివైచి బెల్టు వేయించెదరా?” ఈ ప్రశ్నకు తెలియక ఔననినను, తెలియక కాదనినను చిక్కే. తెలియక ఔననినచో ఆ చిక్కు ఖరీదైనది. మంచి ఇంజను బేరింగులు పోగొట్టుకొనవలసివచ్చును.

మోటారు సైకిలున ఇంజను పుట్టించిన బలము తిన్నగా వెనుక చక్రమునకు పోదు. ఇంజనులోని క్రాంకు షాఫ్టు కొననుండి మొదట క్లచ్చికి, క్లచ్చినుండి గేరు పెట్టెకు, గేరు పెట్టెనుండి వెనుక చక్రమునకు పోవును. వెనుక చక్రమునకు పోవు చైను అందఱకును కనబడును. ఇంజనునుండి క్లచ్చికి పోవునది మాత్రము ఎడమ ప్రక్కనుండు నిగనిగలాడు మూత లోపల దాగియుండును. దీనినే మెకానిక్కులు ప్రైమరీ యందురు. ఇంజను వేగమును ఇది సుమారు సగమునకు తగ్గించి క్లచ్చికి అందించును. చిన్న చక్రము ఇంజను కొనపైనను, పెద్ద చక్రము క్లచ్చిపైనను ఉండుట ఇందువలననే.

బెల్టు క్రొత్త వస్తువని తలంపరాదు. రాట్నమున పెద్ద చక్రమునుండి కదురునకు పోవు దారము బెల్టే. ధాన్యపు మిల్లులో ఇంజనునుండి మరకు పోవు వెడల్పాటి పట్టాయు బెల్టే. మోటారు సైకిళ్లు పుట్టిన తొలినాళ్లలో వానికిని తోలుతోనో, రబ్బరు పూసిన గుడ్డతోనో చేసిన బెల్టులే యుండెడివి. అవి ఇంజనునుండి తిన్నగా వెనుక చక్రమునకు పోయెడివి. మాన్ దీవిలో 1907వ సంవత్సరమున జరిగిన మొదటి టూరిస్టు ట్రోఫీ పందెమున గెలిచిన మ్యాచ్‌లెస్, నార్టన్ బండ్లు రెండును బెల్టుతో నడచినవే. అయితే ఆ బెల్టునకు పళ్లు లేవు. పుల్లీ గాడిలో ఒరసికొని పట్టుటయే దాని బలము. వాన కురిసినచో జాఱును, ఎండినచో సాగును. రాట్నము వడకిన ముసలమ్మ లెవ్వరినడిగినను దారము వదులైనప్పుడు కదురు ఎట్లు మొరాయించునో చెప్పగలరు. 1911లో అదే దీవిలో కొండదారిని పందెము పెట్టినప్పుడు, చైనులతోను రెండు గేర్లతోను వచ్చిన అమెరికా దేశపు ఇండియన్ బండ్లు సీనియరు పందెమున మొదటి మూడు స్థానములను పట్టుకొనిపోయినవి. అటుపిమ్మట బెల్టునకు రోజులు దగ్గఱపడినవి. మాంచెస్టరు నగరమున స్థిరపడిన హాన్స్ రెనోల్డు అను స్విట్జర్లండు దేశీయుడు 1880లోనే రూపొందించిన రోలరు చైను రాజ్యమేలసాగినది.

చైనునకు కావలసినది నూనె. అందుచే ఇంగ్లండులోని తయారీదారులు ప్రైమరీ చైనును మూసిన పెట్టెలో పెట్టి, అడుగున కొంత నూనె పోసి, చైను ఆ నూనెలో మునిగి లేచుచు తిరుగునట్లు చేసిరి. బండి బలమును బట్టి చైను ఒంటి వరుసది, జంట వరుసది, మూడు వరుసలది. నార్టన్ కమాండోకు మూడు వరుసలు. ట్రయంఫ్ 650 సి.సి. జంట సిలిండరు బండికిని, బుల్లెట్టునకును జంట వరుసలు. పద్ధతి మంచిదే. చెడినది పెట్టె. నార్టన్ డామినేటరు మొదలగు బండ్లకు ఆ పెట్టె రేకుతో ఒత్తిచేసినది. నడుమ ఒకే మరతో బిగింపబడునది. ఆ రేకు ఒకమాఱు వంకర తిరిగినచో నూనె కారుటకు ఆకాశమే హద్దు. బండి నిలిపినచోటనెల్ల నల్లని బొట్టు పెట్టిపోవుట ఇంగ్లీషు బండ్లకు బిరుదైపోయినది.

బుల్లెట్టు మనకు దగ్గఱి చుట్టము. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున పుట్టిన ఆ బండిని 1955లో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ మద్రాసు చెంత తిరువొత్తియూరున తయారుచేయసాగినది. పుట్టింట 1970 ప్రాంతమున ఆ సంస్థ మూతపడినను, మెట్టినింట బుల్లెట్టు వర్ధిల్లినది. పాత పోతయినుము ఇంజను బుల్లెట్టునకు గేరు పెట్టె ఇంజను వెనుకకే గట్టిగా బిగింపబడియుండును. ఈ విషయము ముందు ముందు పనికివచ్చును గనుక శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను.

ఇక పళ్ల బెల్టు. 1940ల దశకమున అమెరికాలో కుట్టుమిషనుకొఱకు దీనిని కనుగొనిరి. పైనున్న సూదియు క్రిందనున్న బాబినును ఒక్క దారపు వాసి తేడా లేక కలిసి నడువవలెను గదా. జాఱు బెల్టు ఆ పనికి రాదు, చైను చప్పుడు చేయును, నూనె గుడ్డకంటును. అందుచే రబ్బరు పట్టీ లోపలి వైపున పళ్లు పోసి, పుల్లీకిని గాళ్లు కోసిరి. 1962లో జర్మనీ దేశపు గ్లాస్ కంపెనీవారు కారు ఇంజను లోపల వాల్వులను నడుపుటకు దీనిని వాడిరి. 1980లో హార్లీ డేవిడ్‌సన్ కంపెనీవారు స్టర్జిస్ అను బండిలో ప్రైమరీకిని, వెనుక చక్రమునకును కూడ పళ్ల బెల్టులే పెట్టిరి. పాత ఇంగ్లీషు బండ్లను పందెములలో నడుపువారు, పిదప వీధిలో నడుపువారు, క్రమముగా చైను తీసి దీనిని వేసికొనసాగిరి.

బెల్టు బలమంతయు రబ్బరున లేదు. లోపల నిలువునను పోవు గాజునార త్రాళ్లలో నున్నది. రబ్బరు ఆ త్రాళ్లకు మాంసము వంటిది. పళ్లపై నుండు నైలాను గుడ్డ చర్మము వంటిది. ఇట్లు తెలిసికొనినవాడు బెల్టును కాగితము మడిచినట్లు మడువడు. క్రొత్త బెల్టు అంగడినుండి తెచ్చునప్పుడు మడిచి జేబులో కుక్కినచో లోపలి గాజు త్రాళ్లు పుటుక్కున విఱుగును, పైకేమియు కనబడదు. ఆ బెల్టు నెలదినములకో, రెండు నెలలకో దారిలో తెగినప్పుడు అంగడివానిని నిందింతురు.

అసలు బెల్టు కావలయునా యన్నదే మొదటి విచారము. చైను పెట్టె బాగున్నది, నూనె కారుటలేదు, చైను సాగలేదు అనినచో బెల్టు వేయుట “కొండనాలుకకు మందువేసిన ఉన్న నాలుక ఊడినది” అను సామెతకు ఉదాహరణమగును. రోజునకు నాలుగైదు మైళ్లు పొలము గట్లపై తిరుగు 350 సి.సి. బుల్లెట్టు పదునెనిమిది గుఱ్ఱముల బలముది. దాని జంట చైను ఆ పనికి చాలి మిగులును. చైను చావునకు ముందు చెప్పి చచ్చును. సాగును, గలగలలాడును, పెట్టెకు తగులును. బెల్టు చాలవఱకు చెప్పక తెగును. ఇది పల్లె దారిలో ఆలోచింపదగిన సంగతి.

అయితే పెట్టె పాడై నూనె నిలువనిచోట, మూడు వరుసల ఉక్కు చైను బరువును పెద్ద ఉక్కు క్లచ్చి చక్రపు బరువును తగ్గింపదలచినచోట, క్లచ్చి నూనెలో జాఱిపోవుచున్నచోట బెల్టు నిజముగా మేలుచేయును. శబ్దము తగ్గును. అల్యూమినియపు పుల్లీ తేలిక గనుక గేరు మార్పు మెత్తబడును. నేలపై నల్ల బొట్టు ఉండదు. ముప్పది నలుబది యేండ్ల రేకు పెట్టెతో పోరాడి విసిగినవారికి ఈ కడపటి లాభమొక్కటే చాలును.

వేయ నిశ్చయించుకొనినవారు మొదట చూడవలసినది పంటి కొలత. పాత పళ్ల బెల్టులకు పళ్లు పలకలుగా నుండెడివి. మూలలయందు బలమంతయు పడి పళ్లు మొదలంట ఊడెడివి. పిమ్మట గుండ్రని పళ్లు వచ్చినవి. మోటారు సైకిలు ప్రైమరీలలో సాధారణముగా వాడునది పంటికి పంటికి నడుమ 8 మి.మీ. దూరముగల గుండ్రని పంటి బెల్టు. బెల్టు వీపుపై 1040-8ఎం-30 అని యుండుననుకొందము. దాని అర్థము: చుట్టుకొలత 1040 మి.మీ., పంటి దూరము 8 మి.మీ., వెడల్పు 30 మి.మీ. అనగా 1040ని 8చే భాగింపగా 130 పళ్లు. ఈ లెక్క తెలిసినవాడు ఏ దేశపు అంగడిలోనైనను మోసపోడు. ఒక హెచ్చరిక: అదే 8 మి.మీ. దూరము గలిగియు పంటి ఆకారము వేఱైన బెల్టులున్నవి. గట్టి పాలియురెథేనుతో చేసి, గాజునారకు బదులు అరామిడు నారో, కార్బను నారో పెట్టినవి అట్టివి. అవి బలవత్తరములే, కాని వానికి వాని పుల్లీలే కావలెను. ఒక జాతి బెల్టును మఱియొక జాతి పుల్లీపై ఎక్కించినచో పళ్లు మీద మీద కూర్చుండి పుల్లీని, బెల్టును రెంటిని తినివేయును. బెల్టును పుల్లీలను ఒకేచోట, ఒకే జతగా కొనుట క్షేమము.

రెండవది వెడల్పు. ముందరి పుల్లీకి 32 పళ్లనుకొనినచో దాని చుట్టుకొలత 256 మి.మీ.; వ్యాసార్ధము ఇంచుమించు 41 మి.మీ. ఇంజను 4 కిలోగ్రాము-మీటర్ల త్రిప్పుడు బలమిచ్చినచో బెల్టుపై పడు లాగుడు దాదాపు 98 కిలోగ్రాములు. ధాన్యపు బస్తా కంటె ఎక్కువ బరువును ఆ సన్నని పట్టీ ఎడతెగక లాగుచుండునన్నమాట. ఇంజను నిమిషమునకు 5,000 చుట్లు తిరుగునప్పుడు ఆ బెల్టు గంటకు 77 కిలోమీటర్ల వేగమున పరుగెత్తుచుండును. ఇది సగటు లెక్క. ఒంటి సిలిండరు ఇంజను రెండు చుట్లకొకమాఱు మాత్రమే పేలును గనుక పేలినప్పటి పోటు సగటుకు కొన్ని రెట్లుండును. కావున బుల్లెట్టు వంటి ఒంటి సిలిండరు బండి నెమ్మదియైనదే గదా యని మఱీ సన్నని బెల్టు వేయరాదు. పెట్టెలో చోటున్నంత వెడల్పు, కాని పెట్టె గోడకు తగులనంత వెడల్పు తీసికొనవలెను. 750, 850 సి.సి. కమాండోలకు 30 మి.మీ. వెడల్పు బెల్టు వాడుక కలదు. చిన్నబండ్లకు 20, 25 మి.మీ. ముందరి పుల్లీకి కనీసము 22 పళ్లైనను ఉండవలెననియు, ఎల్లప్పుడును ఆఱు పళ్లకు తక్కువ కాకుండ పుల్లీని పట్టియుండవలెననియు యంత్రజ్ఞులు పెట్టుకొనిన నియమము. పుల్లీ మఱీ చిన్నదైనచో బెల్టు ఎక్కువగా వంగును. వంగినకొలది లోపలి త్రాడు అలసిపోవును.

ఈ పోటును మ్రింగుటకు తయారీదారులు పెట్టిన కుషను కొన్ని బండ్లలో ఇంజను కొనపై స్ప్రింగుగా నుండును. కొన్నింట క్లచ్చి నడుమ రబ్బరు ముక్కలుగా నుండును. బెల్టే కొంచెము సాగును గదా, ఇక కుషను ఎందులకని దానిని తీసివేయు పుల్లీ జతలు కూడ అమ్ముదురు. గాజునార సాగదు. సాగునట్టిదైనచో అది ఆ పనికే రాదు. కుషను ఉన్న బండికి కుషను ఉండనిచ్చు జతనే కొనవలెను.

మూడవది పొడవు. ఇచ్చటనే బుల్లెట్టును గూర్చి జ్ఞాపకముంచుకొనుడని చెప్పిన మాట అక్కఱకు వచ్చును. పాత నార్టన్, పాత ట్రయంఫ్, బి.ఎస్.ఎ. బండ్లలో గేరు పెట్టె వేఱుగా నుండి ముందు వెనుకలకు జరుపుటకు వీలుండును. అట్టివానికి బెల్టు కొంచెము పొడవు పొట్టియైనను గేరు పెట్టెను జరిపి సరిపెట్టుకొనవచ్చును. ఇంజను, గేరు పెట్టె ఒకే పోతగా వచ్చిన తరువాతి ట్రయంఫ్, బి.ఎస్.ఎ. బండ్లలోను, గట్టిగా కలిపి బిగించిన బుల్లెట్టులోను రెండు ఇరుసుల నడుమ దూరము మారదు. చైను ఉన్నప్పుడు లోపల బద్దవంటి టెన్షనరు ఒకటి చైనును నొక్కి వదులు తీసెడిది. ఆ బద్దను బెల్టుపై నొక్కింపరాదు, బెల్టు అరిగిపోవును. అందుచే స్థిరమైన ఇరుసులకు బెల్టు పొడవు, పుల్లీల పళ్లు సరిగా లెక్కింపబడియే యుండవలెను. బెల్టునకు ఒక పన్ను పెరిగినచో పొడవు 8 మి.మీ. పెరుగును, ఇరుసుల దూరమున అది ఇంచుమించు 4 మి.మీ. తేడా. పుల్లీకి ఒక పన్ను పెంచినచో దానిలో సగము సర్దుకొనును. ఇట్లు పళ్లు కలుపుచు తీయుచు తయారీదారు సరిచూచి యుంచిన జతనే కొనవలెను గాని, ఒక చోట పుల్లీ, ఒక చోట బెల్టు ఏరుకొనరాదు.

పళ్లు మార్చునప్పుడు వేగపు నిష్పత్తియు మారును. కమాండోకు కంపెనీవారు పెట్టినవి ముందు 26, వెనుక 57 పళ్లు, నిష్పత్తి 2.19. బెల్టున ముందు 32, వెనుక 70 పెట్టినచో అదే 2.19 వచ్చును. నిష్పత్తిని 2కు దింపినచో క్లచ్చి నూటికి తొమ్మిది పది వంతులు వేగముగా తిరుగును. క్లచ్చిపైనను గేరు పెట్టెపైనను పడు త్రిప్పుడు బలము అంతమేరకు తగ్గును. పందెపు బండికిది మేలు. వీధి బండిలో మాత్రము గేరు పెట్టె ముందరి చిన్న చక్రమును కూడ మార్చవలసివచ్చును. మార్చనిచో ఎత్తుదారిని ఇంజను మూలుగును.

నాలుగవదియు, అన్నిటికంటె ముఖ్యమైనదియు బిగువు. బండ్లు చెడినది ఎక్కువగా ఇచ్చటనే. చైను అలవాటుగల మెకానిక్కు బెల్టును చల్లని ఇంజనుపై వీణ తీగవలె బిగించును. చూచువారికది ముచ్చటగా నుండును. ఇంజను వేడెక్కినప్పుడు జరుగునదేమి? అల్యూమినియము వేడికి పెరుగును. మీటరు పొడవున ఒక్కొక్క సెంటిగ్రేడు డిగ్రీకి మీటరులో పది లక్షలవవంతులు ఇరువదిమూడు. 1040 మి.మీ. బెల్టు దారి, 60 డిగ్రీల వేడి పెరుగుదల అనుకొనినచో పుల్లీలును ఇరుసుల నడుమ దూరమును కలిసి బెల్టు దారిని సుమారు 1.4 మి.మీ. పెంచును. గాజునార దానిలో చాలకొంచెము పాలు మాత్రమే పెరుగును. అనగా చల్లగా నున్నప్పుడే బిగిసిన బెల్టు వేడెక్కినప్పుడు ఇరుసులను రెంటిని ఒకదానివైపునకు ఒకటి ఈడ్చును. ఆ ఈడ్పు క్రాంకు బేరింగుపైనను గేరు పెట్టె బేరింగుపైనను పడును. బెల్టు తెగకపోవచ్చును, బేరింగు పోవును. బేరింగు పోయిన పిమ్మట ఇంజను విప్పవలెను. తండ్రి నాటి బండిని ప్రేమతో బాగుచేయించుకొనబోయి, దాని గుండెనే కోసికొనుట యన్నది ఇదియే.

ఎంత వదులుండవలెను? పై లెక్కనే తిరుగవేసి చూడవచ్చును. ఇరుసుల నడుమ దూరము 312 మి.మీ. అయినచో, 1.4 మి.మీ. అదనపు పొడవు ఒకవైపు చేరినప్పుడు బెల్టు నడుమ వ్రేలితో అదిమినచో అది దాదాపు 15 మి.మీ. దిగును. అనగా చల్లగా నున్నప్పుడు బెల్టు పై పాయ మధ్యభాగము అంగుళమున సగమునకు మించి ఆడవలెను. పెట్టె అంతటను వేడి ఒకే తీరున నుండదు గనుక ఇది సుమారు లెక్కయే. జతతో వచ్చిన కాగితమున తయారీదారు చెప్పినదే ప్రమాణము. బెల్టును రెండు వ్రేళ్లతో పట్టి ప్రక్కకు త్రిప్పినచో సులువుగా తిరుగవలెనని అనుభవజ్ఞులందురు. ఇంజనును బాగుగా వేడెక్కించి, ఆపిన వెంటనే మూత తీసి మఱల చూడవలెను. అప్పుడును కొంత ఆట మిగిలియుండినచో బిగువు సరి. పళ్ల బెల్టు జాఱదు గనుక వదులుకు భయపడ పనిలేదు. పన్ను దాటి దుముకునంత వదులు మాత్రము కూడదు.

ఇక నూనె. బెల్టు ఎండు పెట్టెలో తిరుగవలసినది. చైను కాలమున నూనె ఆ పెట్టెలో ఉద్యోగియై కాపురముండెను. ఉద్యోగము పోయినంత మాత్రమున కాపురము విడిచిపోదు. అది వచ్చు త్రోవలన్నిటిని వెదకి మూయవలెను. మొదటి త్రోవ క్రాంకు షాఫ్టు వెలికి వచ్చుచోటు. అచ్చట ఆయిలు సీలు ఉన్నదా యని చూడవలెను. ట్రయంఫ్ 650 సి.సి. బండ్లలో 1970వ సంవత్సరపు నమూనా మొదలు ఆ సీలు తీసివేసి, క్రాంకు పెట్టె ఊపిరి ప్రైమరీ పెట్టెలోనికే పోవునట్లు గోడకు చిన్న రంధ్రములు పెట్టిరి. చైనునకది అనుకూలము, బెల్టునకు విషము. అట్టి బండికి సీలు తిరుగ వేసి, రంధ్రములు మూసి, ఊపిరికి వేఱొక గొట్టము ఏర్పఱచనిదే బెల్టు వేయరాదు. ఊపిరి మూసి వేఱు త్రోవ చూపకపోయినచో నూనె ప్రతి సందునుండియు పైకి తన్నుకొనివచ్చును. రెండవ త్రోవ గేరు పెట్టె ఇరుసు నడిబొఱ్ఱె. క్లచ్చిని నొక్కు కడ్డీ ఆ బొఱ్ఱెగుండ వచ్చును. దానివెంట గేరు పెట్టె నూనె ప్రాకి క్లచ్చిపై పడును. కమాండో యజమానులకిది చిరపరిచితమైన బాధ. కడ్డీకి చిన్న సీలు వేసినచో నివారణమగును. వెలపెట్టి బెల్టు కొని, చవుకయైన సీలు దగ్గఱ లోభించుట ఏనుగును కొని అంకుశము దగ్గఱ బేరమాడుట వంటిది.

నూనె పోవుటతో క్లచ్చి గతియు మారును. నూనెలో నానుటకు చేసిన పలకలు పొడిలో సరిగా పనిచేయకపోవచ్చును. పొడికి తగిన పలకలు అడిగి తీసికొనవలెను. ట్రయంఫ్, బి.ఎస్.ఎ. బండ్ల క్లచ్చి నడుమ చిన్న రోలర్లు ఇరువది యుండును. అవి ఇన్నాళ్లును చైను చిమ్మిన నూనె తాగి బ్రతికినవి. పొడి పెట్టెలో వానికి గ్రీజు పెట్టి అప్పుడప్పుడు చూచుచుండవలెను. లేదా మూసిన బాల్ బేరింగు గల పుల్లీని కొనవలెను. రెండవది ఖరీదైనను మేలు. నూనె ఇన్నాళ్లును వేడిని కూడ మోసికొనిపోయెడిది. ఇక ఆ పని గాలి చేయవలెను. ఇంజను కొనపై నున్న ఆల్టర్నేటరు, క్లచ్చి, బెల్టు మూడును కలిసి వేడి పుట్టించును. పెట్టెకు క్రిందివైపున, వెనుకవైపున కొన్ని రంధ్రములు తొలచి సన్నని జల్లెడ వేయుట వాడుక. ముందువైపున తొలచినచో చక్రము చిమ్ము బురదనీరంతయు లోనికి వచ్చును.

పందెపు బండ్లను చూచి కొందఱు యువకులు మూతయే తీసివేసి, తిరుగు బెల్టు అందఱకును కనబడునట్లు నడుపుదురు. పందెపు వీథిలో పంచె కట్టినవాడు వెనుక కూర్చుండడు, చీర కొంగు గాలికి ఎగురదు. గంటకు డెబ్బది కిలోమీటర్ల వేగమున పరుగిడు పళ్లపట్టీలో కొంగు చిక్కినచో జరుగునది వర్ణింప నక్కఱలేదు. కంకర రాయి బెల్టునకు పుల్లీకి నడుమ పడినచో బెల్టు తెగును. మూత ఉండి తీరవలెను.

బిగించునప్పుడు రెండు పుల్లీలును ఒకే వరుసలో నుండవలెను. ఉక్కు కొలబద్దను రెండింటి ముఖములకు ఆనించి చూచినచో వంకర తెలియును. పుల్లీకి అంచుండునది బెల్టు జాఱిపడకుండుటకు గాని, వంకరను మోయుటకు కాదు. బెల్టు ఎల్లప్పుడును ఒకే అంచును రాచుకొనుచున్నచో గేరు పెట్టె ఓరగా నున్నదని అర్థము. వెనుక చైను లాగుడుకు గేరు పెట్టె త్రిప్పుకొనుట పాత బండ్లలో కలదు గనుక, వెనుక చైను బిగించిన తరువాత బెల్టు వరుసను తిరుగ చూడవలెను. ముందరి పుల్లీ ఏటవాలు కొనపై కూర్చుండునదైనచో ఆ రెండు ముఖములు శుభ్రముగా అతుకవలెను. ఇరుకునకు చీల మీద ఆధారపడరాదు.

మొదటి వంద మైళ్ల తరువాత మూత తీసి చూచుట మంచిది. నల్లని పొడి కొంచెము కనబడుట సహజము. అది క్రొత్త బెల్టు ఒరపిడి. ఎఱ్ఱని పొడి కనబడినచో ఎచ్చటనో ఇనుము ఇనుముతో రాచుకొని త్రుప్పు రాల్చుచున్నది. పుల్లీ కూర్చుండిన చోటు వదులై యుండును. పళ్ల మొదట పగులు కనబడినను, అంచున నార లేచినను బెల్టు మార్చవలెను. దూరప్రయాణమునకు పోవువారు ఒక బెల్టును పెద్ద వలయముగా, మడత పడకుండ, సామాను అడుగున కాక పైన పెట్టుకొని పోవుట మంచిది. దారిలో మార్చుటకు పుల్లీ ఊడదీయు పరికరము కూడ వెంట నుండవలెను. అది లేని బెల్టు తాళము లేని తాళపుచెవి వంటిది.

తీసివైచిన చైనును, ఉక్కు చక్రములను పాత ఇనుపవానికి తూకమునకు వేయరాదు. నూనెలో ముంచి, గుడ్డలో చుట్టి, ఏ బండివో చీటీ వ్రాసి కట్టి దాచవలెను. బెల్టు జత దొరకని రోజు రావచ్చును. బండిని తయారైననాటి రూపమున చూపవలసిన సందర్భమును రావచ్చును. పెట్టెకు రంధ్రములు తొలువక ముందు ఈ మాట ఆలోచించి, వీలైనచో ఆ పనికి వేఱొక పాత మూతను సంపాదించి, అసలు మూతను కూడ ఆ చైనుతోనే దాచుట ఉత్తమము.